మర్రికొమ్మకు కట్టిన మూట

మా ఆవు గౌరి ఈసుకుపోయిన రోజు, అంటే నెలలు నిండకుండానే చూడి పోయిన రోజు, ఆషాఢం ముసురు. తెల్లవారుజామున నాలుగింటికి పాలు తియ్యడానికి సాలలోకి వెళ్లి లైటు వేశాను. గౌరి నిలబడి నెమరు వేస్తోంది. దాని వెనకాల గచ్చు మీద, పేడలో పడి ఉంది. దూడ అనడానికి లేదు, పిండం. రాత్రి పదింటికి గడ్డి వేసి వచ్చింది నేనే, అప్పుడేమీ లేదు. ఆవుకి జ్వరం లేదు, మూలుగు లేదు. కుడితి పెడితే బకెట్టు అడుగు దాకా నాకేసింది. అయిదున్నర నెలల చూడి పోయిన ఆవులా లేదు.

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. నేను పుట్టింది పాతపట్నం వైపు, మెట్టింది ఇటు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోయినా మా ఇళ్లలో మాట తెలుగే. కాగితాలు ఒడియాలో, పాల లెక్కలు తెలుగులో, పశువుల డాక్టరుతో మాటలు మాత్రం రెండూ కలిపి. మాకు ఆరు తలలు. అన్నీ జెర్సీ సంకరమే. ముసలిది లచ్చి. ఏడేళ్ల క్రితం చూడితో ఉండగా కొన్నాం. అప్పుడు దాని కడుపులో ఉన్నదే గౌరి. గౌరికి పుట్టినది చుక్క. ఇవి కాక తర్వాత కొన్న బూడిద, కపిల, కపిల పెయ్య. మా ఇంటికి అన్నం పెట్టింది లచ్చి సంతానమే. గౌరి ఈనిన కొత్తల్లో రెండు పూటలా కలిపి పన్నెండు లీటర్లు ఇచ్చేది.

మా అత్తయ్య వచ్చి చూసి, తల మీద చెయ్యేసుకుని గడప దగ్గరే కూర్చుండిపోయింది. "దిష్టే పిల్లా. మొన్న పాలకేంద్రం కాడ నువ్వు గౌరి పాలు పన్నెండు లీటర్లని సెప్పినావు. ఆళ్ల కళ్లు మంచివి కావు," అంది. నాకు కోపం వచ్చింది కానీ లోపల ఎక్కడో నిజమేనేమో అనిపించింది కూడా. రెండేళ్ల క్రితం ఇదే గౌరి ఆరో నెలలో ఒకసారి ఈసుకుపోయింది. అప్పుడు బురదలో జారి పడిందనుకున్నాం. నిజంగా జారి పడడం మాలో ఎవరూ చూడలేదు. ఏదో ఒక కారణం కావాలి కాబట్టి బురద మీదకు తోశాం, అంతే.

ఆ రోజు చేసిన పొరపాట్లు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పిండాన్ని ఉత్త చేతులతో తీసి గోనెసంచిలో పెట్టాను. దూడ వెనకాల పడే మాయ మధ్యాహ్నానికి గానీ పడలేదు. దాన్నీ చేత్తోనే ఎత్తాను. మా ఆయన పిండాన్ని గెడ్డ (వాగు) పక్కన పడేసి వచ్చాడు. పూడ్చలేదు, ముసురులో గొయ్యి ఎవరు తవ్వుతారు? మాయ సంగతి అత్తయ్య చూసుకుంది. మా ఊళ్లో మాయని ఎండుగడ్డిలో చుట్టి, మూట కట్టి, మర్రిచెట్టు కొమ్మకి వేలాడదీస్తారు. పాలున్న చెట్టుకి కడితే పొదుగులో పాలు దిగుతాయని నమ్మకం. మంచి ఈత అయినా, చెడ్డ ఈత అయినా మూట చెట్టుకే. ఈ మూట సంగతి మళ్లీ చెప్తాను.

మందుల షాపు ఆయన ఒకడు వచ్చి గౌరికి రెండు సూదులు, బలానికని ఒక సీసా ఇచ్చి పద్దెనిమిది వందలు తీసుకెళ్లాడు. సీసా మీద ఏం రాసి ఉందో కూడా నేను చూడలేదు. "ఇంక భయం లేదమ్మా, ఈసారి నిలబడుతుంది," అన్నాడు. ఏది నిలబడుతుందో, పోయింది ఎందుకు పోయిందో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

సరిగ్గా ముప్పై ఎనిమిది రోజులకి చుక్క.

చుక్కకి తొలిచూలు, ఆరు నెలలు. ఈసారి సాయంత్రం, నా కళ్ల ముందే. తోక ఎత్తి, కాస్త ముక్కి, వదిలేసింది. మూడు నిమిషాలు పట్టలేదు. వదిలాక వెనక్కి తిరిగి వాసన చూసి, మళ్లీ గడ్డి వైపు తిరిగింది. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఒకటి పోతే దిష్టి అనుకోవచ్చు. రెండు పోతే సాలలోనే ఏదో ఉందన్నమాట.

పశువుల ఆసుపత్రి డాక్టరుకి ఫోన్ చేశాను. ఒడియా ఆయన, తెలుగు బాగానే వస్తుంది. ఆయన మొదటి మాట, "అమ్మా, చేత్తో ముట్టుకున్నావా?" రెండో మాట, "కడగొద్దు, పడెయ్యొద్దు." చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని, పిండాన్నీ మాయనీ రెండు మందపాటి కవర్లలో పెట్టి, చుట్టూ ఐసు పెట్టి పొద్దున్నే తెమ్మన్నాడు. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించొద్దన్నాడు, గడ్డ కడితే లోపలి కండ పాడై మైక్రోస్కోపు కింద చూడ్డానికి పనికిరాదట. చేపల బజార్లో ఐసు తెచ్చి, టిఫిన్ల కోసం కొన్న థర్మోకోల్ పెట్టెలో సర్ది, మా ఆయన బైకు వెనక పెట్టుకుని వెళ్లాం. దారిలో తెలిసినవాళ్లు, "ఏటి, చేపలా?" అని అడిగారు. అవునన్నాను.

ఆ పెట్టె తెరిచాక డాక్టరు చేసినదంతా పక్కన నిలబడి చూశాను. మూరెడు కంటే కొంచెం ఎక్కువ పొడవుంది. ఒంటి మీద ఇంకా జుట్టు రాలేదు, కనురెప్పల దగ్గర సన్నగా మొలిచింది. చర్మం మెత్తబడి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. "ఇది నిన్న చనిపోయింది కాదు. లోపలే చనిపోయి కొన్ని రోజులుండి, ఆ తర్వాత బయటకొచ్చింది," అన్నాడు. గుండెలో ముక్క, కాలేయంలో ముక్క కోసి ఫార్మలిన్ సీసాలో వేశాడు. తల తెరిస్తే మెదడు గట్టిగా లేదు, నీళ్లు విడిచిన పెరుగులా జారింది. అదింక దేనికీ పనికిరాదనుకున్నాను. ఆయన మాత్రం దాన్ని చెంచాతో ఎత్తి జాగ్రత్తగా రెండు సీసాల్లోకి తీసుకున్నాడు. "అసలు పంపాల్సింది ఇదే. చాలామంది పాడైపోయిందని పారేస్తారు," అన్నాడు.

ఆ రోజు ఆయన అనుమానం మాత్రం వేరే జబ్బు మీద. బ్రూసెల్లా. ఈసుకుపోవడం అనగానే పశువుల డాక్టర్లందరికీ ముందు గుర్తొచ్చేది అదే. అది మనుషులకీ అంటుకుంటుంది. విడవని జ్వరాలు, కీళ్ల నొప్పులు తెస్తుంది. అందుకే మొదటి ప్రశ్న చేతుల గురించి. ఇంట్లో పచ్చిపాలు ఎవరైనా తాగుతారా అని అడిగాడు. మా మామయ్యకి పొదుగు కింద గ్లాసు పట్టి గోరువెచ్చగా తాగడం నలభై ఏళ్ల అలవాటు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

మర్నాడు ఇంటికొచ్చి ఆరు పశువులకీ రక్తం తీశాడు. ఆసుపత్రిలో తెల్లటి పలక మీద ఒక్కో ఆవు సీరం ఒక్కో చుక్క వేసి, పక్కన ముదురు గులాబీ రంగు మందు చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకని అటూ ఇటూ ఊపాడు. నాలుగు నిమిషాలు. జబ్బుంటే ఆ గులాబీ చుక్క విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అవుతుందట. ఆరు చుక్కలూ నున్నగా అలాగే ఉన్నాయి. గోడ గడియారం వంక, పలక వంక మార్చి మార్చి చూసిన ఆ నాలుగు నిమిషాల్లో మామయ్య తాగిన గ్లాసులన్నీ గుర్తొచ్చాయి. ఆయన మాత్రం ఇప్పటికీ మరిగించిన పాలకి రుచి లేదనే అంటాడు.

బ్రూసెల్లా కాదని తేలినందుకు సంతోషపడాలో, మరి ఇంకేమిటని భయపడాలో తెలియలేదు. డాక్టరుకి మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. బ్రూసెల్లా అయితే ఎక్కువగా ఏడో నెల దాటాక పోతుంది, మాయ పడక ఇబ్బంది పెడుతుంది అన్నాడు. మావి అయిదు, ఆరు నెలల్లో పోయాయి. పిడుదుల వల్ల వచ్చే థైలీరియా కూడా సంకరజాతి ఆవుల్లో చూడి పోగొడుతుంది కానీ దానికి ఒళ్లు కాలిపోయే జ్వరం ఉంటుంది, మెడ గ్రంథులు వాస్తాయి. చుక్కకి థర్మామీటరు పెడితే నూట ఒకటిన్నర, అంటే ఆవుకి మామూలే. ఊరి ఆంబోతు నుంచి అంటుకునే ట్రైకోమోనాస్ అని ఇంకో పరాన్నజీవి ఉందట. అది చూడి మొదటి నెలల్లోనే పాడు చేస్తుంది. మావన్నీ సూదితో చూడి కట్టించినవే, ఆంబోతు మొహం ఎరగవు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చి, చివరికి ఒక ప్రశ్న వేశాడు.

"ఇంట్లో కుకుర ఉందా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నా వెనకాల ఉన్న అత్తయ్యకి వెంటనే అర్థమైంది. ఆవిడ పుట్టిల్లు కాశీనగర్ వైపు, ఒడియా బాగా వచ్చు. "కుక్కా? కుక్క ఏటి సేసింది బాబూ?" అంది.

మా టైగర్ అప్పటికి సాల గుమ్మంలోనే, తవుడు బస్తా మీద పడుకుని ఉన్నాడు. ఎండాకాలం నేల మీద, వానాకాలం బస్తా మీద. పదకొండేళ్ల కుక్క. మామయ్యకి కొడుకుతో సమానం.

ఫలితం రావడానికి ఏడు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి కిట్ అయిపోయిందన్నారు, ఒకసారి పండగ సెలవులన్నారు. వచ్చిన కాగితంలో పిండం మెదడులో అక్కడక్కడ చచ్చిన మచ్చలున్నాయనీ, నియోస్పోరా కెనైనమ్ అనే పరాన్నజీవి జాడ పీసీఆర్ అనే జన్యు పరీక్షలో దొరికిందనీ ఉంది. ఆరు ఆవుల రక్తంలో నాలుగింటికి పాజిటివ్. లచ్చి, గౌరి, చుక్క, బూడిద. కపిల, దాని పెయ్య నెగెటివ్.

తర్వాత నేను ఫోన్లో చదువుకున్నదీ డాక్టరు చెప్పినదీ కలిపి చెప్తాను. ఇది కంటికి కనపడని ఏకకణ జీవి. 1984లో నార్వేలో వెనక కాళ్లు పడిపోయిన కుక్కపిల్లల్లో మొదట కనపడింది. మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన దూబే అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1988లో దానికి పేరు పెట్టారు. పేరులోనే కుక్క ఉంది, కెనైనమ్ అంటే కుక్కకి చెందినదని. ఆ తర్వాత పాడి ఆవులు ఈసుకుపోవడానికి అదే కారణమని ఒక్కో దేశంలో బయటపడుతూ వచ్చింది. కుక్క మలంలో దీని గుడ్లలాంటివి బయటకొస్తాయని రుజువైంది మాత్రం 1998లో. అవి నేల మీద ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి, మేతలోనో నీళ్లలోనో పడితే ఆవు కడుపులోకి పోతాయి. కుక్క చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది, ఏ గుర్తూ ఉండదు. మరి కుక్కకి ఎక్కణ్ణుంచి వస్తుంది? జబ్బున్న ఆవు మాయ, ఈసుకుపోయిన పిండం, పచ్చిమాంసం తింటే వస్తుంది.

అది వినగానే మర్రిచెట్టు కళ్ల ముందు కదిలింది.

మూట కట్టి వేలాడదీస్తాం సరే. తర్వాత దాని సంగతి ఎవరికి గుర్తు? నాలుగు రోజులకి తాడు కుళ్లి, వానకి తడిసి, మూట తెగి కింద పడుతుంది. ఆ రోజే సాయంత్రం వెళ్లి చూశాను. చెట్టు మొదట్లో ఎండుగడ్డి పీచులు, చిరిగిన గుడ్డలు, తాడు ముక్కలు. మాయ అన్నది ఎక్కడా లేదు. అక్కడ మాయ మట్టిలో కలిసేదాకా ఎవరు ఉండనిస్తారు? ఆ పక్కనే రెండు వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. ఊరందరి మూటలూ ఆ చెట్టుకే. మా టైగరుకీ అటే షికారు. గెడ్డ పక్కన మా ఆయన పడేసిన గౌరి పిండం మాత్రం ఏమయ్యుంటుంది?

ఆ పాటికి నాకు టైగర్ మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ డాక్టరు చెప్పిన రెండో సంగతి ఇంకా కష్టమైనది. లచ్చి వంశానికి జబ్బు కుక్క నుంచి కాదు, పుట్టుకతోనే వచ్చి ఉంటుందన్నాడు. ఒకసారి పట్టిన ఆవుని ఇది జీవితాంతం వదలదు. మెదడులో, కండల్లో ముడుచుకుని నిద్రపోతుంది. చూడి కట్టాక ఒంటి కాపలా కాస్త సడలుతుంది కదా, అప్పుడు లేచి మాయ దాటి దూడలోకి పోతుంది. కొన్ని దూడలు చనిపోతాయి, ఎక్కువగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. కొన్ని లోపలే ఎండిపోతాయి. ఎక్కువ భాగం మాత్రం నిక్షేపంగా పుడతాయి, లోపల జబ్బుతో. అలా పుట్టిన పెయ్య పెద్దదై తన పెయ్యకి ఇస్తుంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చినట్టు తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి. లచ్చికి మూడో చూలులో నెలలు నిండినా ఈనకపోతే చెయ్యి పెట్టి చూసి, ఎండిన తోలుముద్దలాంటి పిండాన్ని తీశారు. ఆ సంగతి చెప్పగానే డాక్టరు తల ఊపాడు. మేము ఎంతో ముద్దుగా, అమ్మకుండా, ఇదే మన అదృష్టం అని పెంచుకున్న వంశం మొత్తం అదే. పాలు బాగా ఇచ్చే పెయ్యలని ఏరి ఏరి ఉంచుకున్నాం, దాంతోపాటు జబ్బునీ ఏరి ఉంచుకున్నాం.

ఇక బూడిద. అది బయట నుంచి వచ్చింది, ఇప్పటికి మూడు ఈతలు, ఒక్కటీ పోలేదు. అయినా పాజిటివ్. దానికి టైగర్ పడుకున్న తవుడు బస్తాల్లోంచి వచ్చిందో, కొన్నప్పుడే ఉందో చెప్పలేం. రక్తం పాజిటివ్ అయినంత మాత్రాన ఈసుకుపోతుందని కాదు, లేని ఆవుల కంటే పోయే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ, అంతవరకే అన్నాడు డాక్టరు. ఆవు చూడి పోగొట్టుకున్నప్పుడు రక్తం పాజిటివ్ వస్తే అదే కారణమని గట్టిగా చెప్పడానికీ లేదు. అందుకే పిండం కావాలి, మెదడు కావాలి. గౌరి పిండం గెడ్డ పాలైంది కాబట్టి గౌరి సంగతి ఇప్పటికీ అనుమానమే. చుక్క సంగతి ఒక్కటే తేలింది.

"మందు?" అన్నాను.

"నాహిఁ," అన్నాడు. టీకా కూడా లేదు.

ఆ ఒక్క మాటతో ఇంట్లో వారం రోజులు గొడవ. మా ఆయన టైగర్‌ని కాశీనగర్ బస్సెక్కించి ఎక్కడైనా వదిలేస్తానన్నాడు. మామయ్య రెండు పూటలు అన్నం తినలేదు. చివరికి డాక్టరే అన్నాడు, "దీన్ని వదిలేస్తే రేపు ఆ బస్తా మీద వీధికుక్క పడుకుంటుంది. కుక్క పోవడం కాదమ్మా, బస్తాకి మూత రావాలి." కుక్క అలా గుడ్లు విడిచేది కూడా అంటుకున్న కొత్తలో కొన్నాళ్లేనట, ఏళ్ల తరబడి కాదట. నాకు ఆ మాట నచ్చింది. అత్తయ్యకి నచ్చలేదు. ఆవిడకి కుక్క దోషి అయినా కాకపోయినా మర్రిచెట్టు మాత్రం దోషి కాకూడదు.

దాణాకి పాత నూనె డ్రమ్ములు రెండు కొని మూతలు బిగించాం. నీళ్ల తొట్టి మీదకి రేకు. సాలకి నడుము ఎత్తు వెదురు తడిక, గేటు. ఎండుగడ్డి మేటు కింద కుక్కలు పిల్లలు పెట్టేవి, ఆ మూలని కూడా మూసేశాం. మొత్తం ఎనిమిది వేలు దాటింది. డ్వాక్రా అప్పులాంటిదే మా గ్రూపు అప్పు, అందులోంచి తీశాను. ఇక మాయ పడ్డా, పిండం పడ్డా మూడడుగుల గొయ్యి, పైన సున్నం, ఆ పైన రాయి. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. ఆవు నుంచి పక్క ఆవుకి నేరుగా అంటదు కాబట్టి వాటిని విడదీసి కట్టే పని కూడా లేదు.

గొప్ప చిక్కంతా అమ్మకం దగ్గర వచ్చింది. బయటి దేశాల్లో పాజిటివ్ ఆవులని ఏరి మందలోంచి తీసేస్తారని చదివాను. మాకు ఆరు ఆవులు, అందులో నాలుగు పాజిటివ్. తీసేస్తే మిగిలేది కపిల, దాని పెయ్య. తీసేసిన ఆవులు ఎక్కడికి పోవాలి? ఒక బేరగాడు వచ్చాడు. చుక్కని మళ్లీ చూడి కట్టించి, మూడో నెల నిండగానే చూడి ఆవు అని అమ్మేయమన్నాడు. "నాలుగో నెల దాకా ఉంచుకుంటే నీ నష్టం. ముందే అమ్మితే కొన్నవాడి కర్మ," అని నవ్వాడు. ధర కూడా మంచిదే చెప్పాడు. ఆ రాత్రి మా ఆయన లెక్కలు వేశాడు, నేను విన్నాను. కాదనడానికి నా దగ్గర వేరే లెక్క లేదు. ఏడేళ్ల క్రితం లచ్చిని మాకు అమ్మిన మనిషి, "కన్నబిడ్డలా పెంచానమ్మా, ఒక్క లోపం లేదు," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయనకి తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకే అయి ఉంటుంది. మాకైతే ఇప్పుడు తెలుసు. బేరగాడు రెండోసారి వచ్చినప్పుడు చుక్క రిపోర్టు జిరాక్సు చేతిలో పెట్టాను. ఇటూ అటూ తిప్పి చూసి, "ఇది నాకెందుకమ్మా," అని వెనక్కిచ్చి వెళ్లిపోయాడు.

డాక్టరుతో కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. నాలుగింటినీ పాలున్నన్నాళ్లు ఉంచుకుంటాం, సూది వేయిస్తూనే ఉంటాం. వాటికి పుట్టే పెయ్యల్ని పాడికి ఉంచుకునే ముందు రక్తం చూపిస్తాం. ఇంక మంద పెరగాలంటే కపిల వైపు నుంచి పెరగాలి. కపిల రోజుకి ఏడు లీటర్లే. చుట్టాలింట్లో బీద కోడలికి ఇన్నాళ్లూ లేని మర్యాద ఒక్కసారిగా మొదలైనట్టు, ఇప్పుడు దానికే మొదటి పచ్చిగడ్డి.

ఇక పుట్టిన దూడ రక్తం ఎప్పుడు తియ్యాలన్నదాంట్లో ఒక కిటుకుంది. జున్నుపాలు తాగకముందే తియ్యాలి. తాగితే తల్లి రక్తంలోని యాంటీబాడీలు పాలతో దూడలోకి వస్తాయి, అప్పుడు పాజిటివ్ వచ్చినా అది తల్లిదో దూడదో తేలదు. అలాగని ఎక్కువసేపు ఆపకూడదు, మొదటి గంట రెండు గంటల్లో జున్నుపాలు పడకపోతే దూడే నీరసించిపోతుంది. మా ఊళ్లోనే ఉండే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు, "ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి అక్కా," అన్నాడు.

లచ్చి మాఘమాసంలో ఈనింది. రాత్రి రెండున్నర. మంచు. పెయ్యదూడే, నుదుట తెల్లటి నామం. లచ్చి నాకుతుంటే పావుగంటలో లేచి నిలబడి, పొదుగు వెతుక్కుంటూ తల్లి కాళ్ల మధ్యకి దూరుతోంది. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతున్నాను. అది మూతి చాపి నా చీర కొంగు చీకుతోంది. అత్తయ్య అరుస్తోంది, "పాపం సుట్టుకుంటాది పిల్లా, వొదిలీ! తల్లి పాలు తాగనీకుండా బిడ్డని పట్టుకున్న ఇల్లు బాగుపడినట్టు ఎక్కడైనా ఉన్నదా?" లచ్చి తాడు తెంపుకునేలా అరుస్తోంది. ఇన్‌స్పెక్టరు బైకు చప్పుడు వినపడేసరికి మూడు దాటింది. మఫ్లరు విప్పకుండానే వచ్చి, మెడ నరం దొరకబుచ్చుకుని, చిన్న గొట్టంలోకి రక్తం తీసి, "ఇంక వదులక్కా," అన్నాడు. నేను వదలగానే పొదుగు మీద పడింది. తోక ఆడిస్తూ తాగుతుంటే అత్తయ్య కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

ఈసారి మాయని నేనే చేతికి తొడుగులు వేసుకుని ఎత్తాను. మా ఆయన గొయ్యి సాయంత్రమే తవ్వి ఉంచాడు. అత్తయ్య ఏమీ అనలేదు. తెల్లారాక చూస్తే, ఎండుగడ్డిని మూటలా చుట్టి, లోపల ఏమీ పెట్టకుండా, మర్రికొమ్మకి కట్టి వచ్చింది.

రిపోర్టు మూడు వారాలకి వచ్చింది. నామాలు పాజిటివ్.

చూస్తే ఎవరూ నమ్మరు. సాలంతా దానిదే. తడిక మీదుగా తల పెట్టి అవతల ఉన్న టైగర్‌ని పిలుస్తున్నట్టు అంబా అంటుంది, వాడు ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ పడుకుంటాడు. దీన్ని ఉంచుకోవాలా, రిపోర్టు చూపించి పాడికి కాకుండా ఊరికే సాకుకుంటామనే వాళ్లెవరికైనా ఇవ్వాలా అని ఇంట్లో ఇంకా తేలలేదు. మొన్న పాతపట్నం నుంచి మా చిన్నమ్మ వచ్చి, "ఎంత చక్కగుందే, నాకిచ్చెయ్యరాదూ, పెరిగాక పాడికి పనికొస్తాది," అంది. లోపలికెళ్లి కాగితం తెచ్చాను.